ఆట వచ్చేదాకా, ఆర్డరు వచ్చేదాకా

పోయిన నెలలో ఒక పొద్దున మంచిర్యాల నుంచి సలీమన్న వచ్చాడు. అక్కడ ఆయనకు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. గోదావరి దాటి ఇటు వచ్చే పని పడితే మా గేటు ముందు బండి ఆపి, "చెల్లె, ఛాయ్ ఉన్నదా" అని అడగడం ఆయన అలవాటు. ఆ రోజు ఛాయ్ మాట ఎత్తలేదు. "దానియేలు ఉన్నడా" అని గొంతు తగ్గించి అడిగాడు. మా బావ నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడని చెప్పాను. సలీమన్న తలుపు వైపు ఒకసారి చూసి, జేబులోంచి ఫోను తీసి నా చేతికిచ్చాడు. మా పెండ్లి కాకముందు మా బావ ఏండ్ల తరబడి ఎదురుచూసిన కంప్యూటర్ ఆట ఒకటి ఉండేది. దానికి రావలసిన కొత్త భాగం రాదు, ఆపేశాం అని తయారుచేసేవాళ్లు అప్పట్లోనే చెప్పేశారు. ఇన్నేండ్లకు మళ్లీ దాన్ని తెస్తున్నామని ప్రకటించారు. తేదీ లేదు. త్వరలో అని మాత్రం ఉంది.

"చెప్పాల్నో వద్దో నువ్వే సోంచాయించుకో చెల్లె. నేనైతే చెప్ప. మళ్ల మొదలైతది" అన్నాడు సలీమన్న. ఛాయ్ పెడితే సగం తాగి, సగం గ్లాసులోనే వదిలి వెళ్లిపోయాడు. నేను బియ్యం చాట ముందు పెట్టుకుని కూర్చున్నాను. లోపల గదిలో బావ గురక వినిపిస్తోంది. బియ్యంలో రాళ్లు ఏరుతున్నానే గాని, మనసు ఎప్పుడో వదిలిపెట్టిన ఇంట్లో తిరుగుతోంది.

ఆ ఇల్లు గోదావరిఖనిలో కంపెనీ ఇచ్చిన క్వార్టరు. మా వైపు కంపెనీ అంటే ఒకటే, బొగ్గు తీసేది. రెండు గదులు, వెనక మేము రేకులతో వేసుకున్న వంటిల్లు. సాయంత్రమైతే వరుస వరుసంతా సిగిడీ పొయ్యిలు అంటించేవాళ్లు. బొగ్గు రాజుకునే ముందు వచ్చే ఆ పచ్చి పొగ వాసన ఇప్పుడెక్కడ తగిలినా నాకు మోకాళ్ల మీద చాప గీతలు గుర్తుకొస్తాయి. ఎందుకంటే పొగ వాసన రాగానే మా ఇంట్లో ప్రార్థన వేళ అయినట్టు. అవ్వ, అంటే మా అమ్మ, అన్నం గంజి వార్చి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చేది. బాపు చాప పరిచేవాడు. ఒక పాట, ఒక అధ్యాయం, ఆ తర్వాత వాడలో జబ్బు పడ్డవాళ్ల పేర్లన్నీ వరుసగా చెప్పి ప్రార్థన. బాపు ప్రార్థనలో తొందర ఉండేది కాదు. పక్క క్వార్టరు వాళ్లు టీవీ పెట్టినా, మధ్యలో కరెంటు పోయినా, ప్రార్థన ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ అందుకునేవాడు.

బాపు గని మీద ల్యాంప్ రూంలో పనిచేసేవాడు. లోపలికి దిగే ప్రతి మనిషి తన నంబరు బిళ్ల ఇచ్చి తలకు పెట్టుకునే లైటు తీసుకుపోతాడు. పైకి వచ్చాక లైటు అప్పగించి బిళ్ల తీసుకుంటాడు. వచ్చిన లైట్లను చార్జింగుకు పెట్టడం, బ్యాటరీల్లో యాసిడ్ చూడటం బాపు పని. ఆయన అంగీలన్నిటికీ యాసిడ్ పడి చిన్న చిన్న చిల్లులుండేవి. అవ్వ ఎన్ని మాట్లు వేసినా కొత్త చిల్లు తేలేది. ఒక్క లైటు రాకపోయినా బాపు ఇంటికి వచ్చేవాడు కాదు. తర్వాతి షిఫ్టు వాళ్లు వచ్చి, "నువ్వు పోరాదు, మేం చూసుకుంటం" అన్నా బోర్డు మీద వేలాడుతున్న ఆ ఒక్క బిళ్లను చూస్తూ బల్ల మీద కూర్చునేవాడు. అవ్వ తిట్టేది. "నువ్వు కూసుంటె వాడు జల్ది వస్తడా" అనేది. "రాడు. వచ్చినప్పుడు ఎవరన్న ఉండాలె గదా" అనేవాడు.

మా మందిరం క్వార్టర్ల చివర, పెద్ద నాలా పక్కన రేకుల షెడ్డు. ఆదివారం ఆరాధన, గురువారం వాక్య ధ్యానం. ఆ గురువారాలే మాకు బడి కన్నా పెద్ద బడి. మా పాస్టరు అయ్యగారు బైబిలులో ఒక మాట చదివి, ఇదే మాట ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతకమనేవారు. ఒక వాక్యాన్ని ఇంకో వాక్యం పక్కన పెట్టి చూస్తే అర్థం తేటపడుతుందని నేర్పింది ఆయనే. వెతకడంలో మా బావను మించినవాడు లేడు. బావ అంటే మా మేనమామ యాకోబు కొడుకు దానియేలు. మేము పేజీలు తిప్పుతుండగానే వేలు పెట్టి, "దొరికింది అయ్యగారు" అనేవాడు. ఆ గెలిచిన ముఖం చూసే నేను ఇష్టపడ్డానేమో, ఇప్పుడు చెప్పడం కష్టం. ఎలాగూ చిన్నప్పటి నుంచే వాళ్లింటికి నన్ను ఇవ్వాలని పెద్దవాళ్లు అనుకున్నారు.

అనుకున్నదానికి అడ్డం పడింది ఒక్కటే, ఆర్డరు. తండ్రి ఒంట్లో సత్తువ లేక పని మానుకుంటే ఆ ఉద్యోగం కొడుక్కు రావడం ఒకప్పుడు మా దగ్గర ఆనవాయితీ. అది ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడుతూ కంపెనీ ఆర్డరు ఇస్తుందన్న మాట మాత్రం ఆగలేదు. యాకోబు మామకు నడుము పోయింది. బావకు డిగ్రీ అయ్యింది. ఆర్డరు వస్తే మామ మానుకుంటాడు, బావ చేరతాడు, ఆ తర్వాత మా పెండ్లి. ఈ వరసలో మొదటిది కదలకపోవడంతో మిగతావన్నీ నిలబడిపోయాయి. మేము ఒక్కరమే కాదు. ఆ రోజుల్లో మా వాడలో ఏ ఇంట్లో అడిగినా ఇదే జవాబు. ఆర్డరు వచ్చినంక ఇంటికి సున్నం వేస్తం, ఆర్డరు వచ్చినంక పిల్లను చూస్తం. రాష్ట్రం కూడా అట్లాగే వస్తానంటూ ఉండేది. చౌరస్తాలో టెంట్లు వేసేవాళ్లు, తీసేవాళ్లు, మళ్లీ వేసేవాళ్లు.

బావ ఖాళీగా ఉండలేక చౌరస్తా దగ్గరి నెట్ సెంటర్లో కూర్చునేవాడు. పరదాలు కట్టిన చిన్న చిన్న గూళ్లు, కరెంటు పోతే కీచుమని అరిచే యూపీఎస్‌లు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. కంప్యూటర్లు చూసేది సలీమన్న. వారానికోసారి డబ్బాలన్నీ విప్పి లోపలి ఫ్యాన్లు ఊదేవాడు. నల్లటి బొగ్గు దుమ్ము లేచేది. "ఈటికి గూడ గని డ్యూటీ పడ్డది చూడు" అని నవ్వేవాడు. పై అంతస్తులో నేను టైపింగ్ నేర్చుకునేదాన్ని. క్లాసు అయ్యాక కిందికి దిగి ఒక కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని. మేనబావే కాబట్టి ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. సలీమన్న మాత్రం, "అచ్చా, మేడం వచ్చింది. ఇగ దానియేలు ఇంగ్లీషు పెరుగుతది" అనేవాడు.

ఆ మాట నిజమే. వాళ్లు ఆడే ఆట రాజ్యాలు కట్టే ఆట. నేల దున్నించి, కోటలు లేపి, సైన్యాలు నడిపేది. దానికి కొత్త భాగం వస్తుందని, కొత్త దేశాలు, ఓడలు ఉంటాయని తయారుచేసేవాళ్లు ఎప్పుడో చెప్పారు. క్వార్టరు వెనక మేము రేకుల గది వేసుకున్నట్టు అసలు ఆటకు వెనక ఇంకో గది అన్నమాట. అది రావడం లేదు. వాయిదా మీద వాయిదా. ఎప్పుడొస్తుందో, ఎందుకు రావట్లేదో మాట్లాడుకోవడానికే నెట్‌లో ఒక చోటు ఉండేది. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో అక్కడ రాసుకునేవాళ్లు. బావ తెలుగులో చెప్తే నేను ఇంగ్లీషులో కొట్టేదాన్ని. అలా నేను ఒక్కసారి కూడా ఆడని ఆట గురించి నాకు తెలియనిది లేకుండా పోయింది.

ఆ మాటలు ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. తయారుచేసేవాళ్లు ఏమీ మాట్లాడకపోతే ఒకడు, గట్టిగా పనిచేస్తున్నారు కాబట్టే మాట్లాడట్లేదు అనేవాడు. ఇంకొకడు, పని ఆగింది కాబట్టే మాట్లాడట్లేదు అనేవాడు. ఏదో బొమ్మలో జెండా రంగు మారిందని రెండు వారాలు కొట్టుకున్నారు. ఆటలమ్మే ఒక దుకాణం వాడు ఏడాది చివరి రోజును విడుదల తేదీగా పెడితే అందరూ పండగ చేసుకున్నారు. బావ ఒప్పుకోలేదు. "తేదీ తెల్వనోడు పెట్టే తేదీ అది. రాయి ఎస్తేరూ, ఈ యేడు రాదు అని రాయి" అన్నాడు. ఎందుకు రాదో వరుసగా చెప్పాడు. తయారుచేసేవాళ్లు ఇంతకు ముందు ఎక్కడెక్కడ త్వరలో అన్నారో, అన్న ఎన్నాళ్లకు ఏమైందో, తయారైనప్పుడు ఇస్తాం అన్న మాట ఎప్పుడు వాడారో, అన్నీ పక్కపక్కన పెట్టాడు. గురువారం ధ్యానంలో చేసేదే. ఆ పోలికకు నాకు కొంచెం భయం వేసింది. అయినా కొట్టాను.

ఆ యేడు ఆట రాలేదు. బావ చెప్పినట్టే అయ్యింది. మర్నాటి నుంచి దేశం కాని దేశంవాళ్లు బావను ప్రవక్త అని పిలవడం మొదలుపెట్టారు. ఆ ఒక్క పదం కింద నేను జవాబు కొట్టలేదు. ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. ఆయన అంగీ చిల్లులోకి వేలు పెట్టి తిప్పుతూ విన్నాడు. "రాదని చెప్పుడు అల్కనే బిడ్డా. దినాం రాదని చెప్పినోడు దినాం గెలుస్తడు. వచ్చిన దినం ఒక్కటే ఓడుతడు" అన్నాడు.

అయితే ఈ సంగతి సలీమన్న నోట వాడంతా పాకింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరం ఛాయ్ గ్లాసులు పట్టుకుని మందిరం బయట నిలబడ్డాం. ఏసోబు కాక బావ భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కొడుకు కూడా ఆర్డరు కోసం చూస్తున్నవాడే.

"అరే దానియేలు, ఎక్కడ్నో తెల్లోళ్ల ఆట ఎప్పుడస్తదో చెప్తున్నవట. మన గని గేటు ముందటి ఆర్డరు ఎప్పుడస్తదో చెప్పరాదు?"

"దానికి నిషానీలు ఉండాలె కాక."

"లేకేం. పేపర్ల దినాం ఎవడో ఒకడు మాట్లాడుతనే ఉన్నడు. అవి చూడు, ఇవి చూడు, కలుపు. పేరే దానియేలు ప్రవక్తది పెట్టుకుంటివి."

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. ఆ వారమంతా పాత పేపర్లు ముందేసుకున్నాడు. నాయకులు ఏ సభలో ఏమన్నారో, అతి త్వరలో అని ఎప్పుడన్నారో, పరిశీలనలో ఉంది అని ఎప్పుడన్నారో. ఒక మాటను ఇంకో మాట పక్కన పెట్టాడు. ఈ పద్ధతి నమ్మకంగా మాట ఇచ్చినవాడి మాటల మీద పనిచేస్తుంది. సభలో చప్పట్ల కోసం అన్న మాటలు ఎన్నింటిని పక్కపక్కన పెట్టినా ఏం తేలుతుంది? అది మాలో ఎవరికీ తోచలేదు. చిన్నప్పటి నుంచి మాకు తెలిసిన చదవడం ఒక్కటే. అచ్చులో కనబడిన ప్రతి మాటనూ అలాగే చదివాం.

ఈస్టర్ లోపల వస్తుంది అన్నాడు బావ.

ఆట గురించి చెప్పినవాడు కాబట్టి నమ్మారు. మామ నమ్మాడు. అవ్వ నమ్మింది. ఈస్టర్ దాటిన ఆదివారం ప్రధానం, అంటే నిశ్చితార్థం, పెట్టుకుందామన్నారు. అయ్యగారు మందిరంలో మా ఇద్దరి పేర్లు చదివి వినిపించారు. అవ్వ పెద్దపల్లి పోయి మామిడిపిందె రంగు చీర తెచ్చింది. బాపు ఒక్కడే ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. మట్టల ఆదివారం పోయింది, శుభ శుక్రవారం పోయింది. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని పాడుకుంటూ వాడంతా తిరిగాం. గేటు ముందు నుంచి పోతున్నప్పుడు ఏసోబు కాక పాట ఆపి నోటీసు బోర్డు వైపు చూడటం నేను చూశాను. బోర్డు మీద పాత కాగితాలే ఉన్నాయి.

ప్రధానం ఆగింది. చీర బీరువాలో అడుగున చేరింది. వాడలో ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉండేది. బావ గురువారాలు రావడం మానేశాడు. ఆదివారం వచ్చి వెనక వరుసలో కూర్చుని, చివరి ప్రార్థనకు ముందే లేచిపోయేవాడు. నెట్ సెంటర్లో మాత్రం ఇంకా ఎక్కువసేపు ఉండేవాడు. ఒకరోజు అడిగాను. "ఆ ఆట వస్తే ఏమొస్తది బావా మనకు?" స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండా, "ఏదో ఒకటి వచ్చినట్టు ఉంటది గదా" అన్నాడు.

ఆ ఎండాకాలమే మంచిర్యాల సంబంధం వచ్చింది. అబ్బాయి బడిలో పంతులు, మన సంఘంవాళ్లే, మంచివాళ్లు. అవ్వ రాత్రి ప్రార్థన అయ్యాక చాప చుట్టకుండా కూర్చుని, "నా అన్న కొడుకని నాకు మాత్రం ప్రేమ లేదా? పిల్ల ముసల్దయ్యేదాక కూసోబెడుదామా" అని ఏడ్చింది. బాపు వానలు పడేదాకా ఆగుదామన్నాడు. నా ఇష్టం నన్ను అడిగారు. నేను ఆగుతాననే అన్నాను. కాని ఎన్నాళ్లని చెప్పలేకపోయాను. నిజం చెప్పాలంటే అప్పటికే అలసిపోయాను. ఆశ లేకపోవడం కన్నా, ప్రతి వారం కొత్త ఆశ పుట్టడం ఎక్కువ అలసట. పేపర్లో ఒక మాట వస్తే అవ్వ ముఖం వెలిగేది. శనివారానికి ఆరిపోయేది.

మొదటి వానలు పడుతుండగా ఒక మధ్యాహ్నం నేను టైపింగ్ క్లాసు నుంచి కిందికి దిగాను. బావ, సలీమన్న ఒకే కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నారు. పేజీ నెమ్మదిగా పైనుంచి కిందికి తెరుచుకుంటోంది. తయారుచేసేవాళ్ల ప్రకటన. కొత్త భాగం పని ఆపేశాం, ఇక రాదు, ఇన్నాళ్లు ఓపిక పట్టినందుకు ధన్యవాదాలు. నేనే తెలుగులో చెప్పాను. కింద జనం రాసుకుంటున్నారు. తిట్టేవాళ్లు తిడుతున్నారు. ఒకడు, ఇదంతా ఎత్తు, ఇంతకన్నా పెద్దది ఏదో దాస్తున్నారు, చూస్తూ ఉండండి అని రాశాడు. దాని కింద అప్పుడే చాలామంది ఔను ఔను అంటున్నారు.

"యా అల్లా. రాదని చెప్పుడు గూడ నిషానీనే అంటున్నరు" అన్నాడు సలీమన్న.

బావ చాలాసేపు చదివించుకున్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "చెప్పిన్రు. వీళ్లన్న చెప్పిన్రు" అన్నాడు. నేను కీబోర్డు దగ్గరికి జరిగితే, "వద్దు ఎస్తేరూ. ఇగ ఏం రాయకు" అన్నాడు. బయటికి పోయి నల్లా దగ్గర ముఖం కడుక్కుని, తల కూడా తుడుచుకోకుండా సైకిలెక్కాడు.

పోయింది బాపు దగ్గరికి, ల్యాంప్ రూంకు. అక్కడ జరిగింది బాపు తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. షిఫ్టు దిగే వేళ. లైట్లన్నీ వచ్చాయి, ఒక్కటి రాలేదు. బావ తడి అంగీతో వచ్చి బల్ల మీద కూర్చున్నాడట.

"మామా, ఆర్డరు రాదు."

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. వస్తదని గూడ ఎవ్వరు చెప్పలే. నేనే చెప్పిన."

"అయితే ఇప్పుడేందంటవు?"

"పెండ్లి చెయ్యండి. ఓపెన్‌కాస్టు గనిల కాంట్రాక్టోళ్ల దగ్గర లారీ నేర్చుకుంట. అది పర్మినెంట్ కాదు. తెలుసు. ఆర్డరు వచ్చినప్పుడు చూద్దాం, రాకుంటే లేదు. ఎస్తేరును మాత్రం దాని వెనక నిలబెట్టకుండ్రి."

ఇద్దరూ బోర్డు మీది బిళ్లను చూస్తూ కూర్చున్నారు. బాపు, పెండ్లికొడుకు కోసం దివిటీలు పట్టుకుని ఎదురుచూసిన పది మంది ఆడపిల్లల కథ ఎత్తాడట. ఐదుగురు నూనె వెంట తెచ్చుకున్న బుద్ధిమంతులు, ఐదుగురు తెచ్చుకోని బుద్ధిలేనివాళ్లు. బావకు అది కంఠతా వచ్చు. బాపు అడిగాడు, "పెండ్లికొడుకు ఆలస్యం చేసిండు. అప్పుడు బుద్ధి లేనోళ్లు ఏం చేసిన్రు?" "పండుకున్నరు." "బుద్ధి ఉన్నోళ్లు?" బావ కాసేపు ఆలోచించి, "వాళ్లు గూడ పండుకున్నరు" అన్నాడు. "ఆఁ. అది ఎవ్వడు చెప్పడు. వాళ్లు గడియలు లెక్కపెట్టుకుంట కూసోలేదు. నూనె పెట్టుకున్నరు, పండుకున్నరు. లైటు చార్జింగుకు పెట్టినంక మనిషి పండుకోవచ్చు బిడ్డా" అన్నాడట బాపు. అంతలో ఆఖరి మనిషి వచ్చాడు. కాలికి బెణుకు, అందుకే ఆలస్యం. బాపు లైటు తీసుకుని, బిళ్ల ఇచ్చి, గది తాళం వేస్తూ, "ఆదివారం అయ్యగారితోని మాట్లాడుత" అన్నాడు.

మామిడిపిందె రంగు చీరతోనే పెండ్లయ్యింది. సలీమన్న మందిరం వెలుపల నిలబడి బిర్యానీ డేగిసాల దగ్గర అందరి మీదా పెత్తనం చేశాడు. రాష్ట్రం వచ్చింది, ఆ రోజు చౌరస్తాలో రంగులు చల్లుకున్నాం. ఉద్యోగాల మాట కూడా మళ్లీ వచ్చింది. అప్పటికి బావ వయసు దాటిపోయింది, మామ ప్రభువు దగ్గరికి పోయాడు. బావ ఇప్పటికీ కాంట్రాక్టు టిప్పర్ నడుపుతున్నాడు. బాపు పోయి కూడా ఏండ్లయ్యింది. ఇప్పుడు గని లైట్లు అరచేతిలో పట్టేంత చిన్నవట, యాసిడ్ లేదు, అంగీలకు చిల్లులు లేవు. మేమున్న క్వార్టర్ల వరుస కూల్చేశారు. సిగిడీ పొగ లేదు. ఎదురుచూపు మాత్రం ఏమీ తగ్గలేదు. అప్పుడు దానికి నెట్ సెంటర్ దాకా నడవాల్సి వచ్చేది, ఇప్పుడు ప్రతివాడి జేబులో ఉంది. మా పెద్దది ఉద్యోగ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ల వీడియోలు అన్నం తింటూ చూస్తుంది. మందిరంలో వాళ్లు ప్రభువు రాకడకు తేదీ కట్టిన వీడియోలు నాకే పంపుతారు. ఆయన వస్తాడని నా ప్రాణం ఎంత నిజమో అంత నిజంగా నమ్ముతాను. ఆ వీడియోలు మాత్రం తెరవను. ఒక ఈస్టర్ నాకు చాలు.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు చప్పుడుకు అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు బావకు మెలకువ వస్తుంది, ఒకసారి నీళ్లు తాగి మళ్లీ పడుకుంటాడు. చెంబు పట్టుకుని లోపలికి వెళ్లాను. దాచిపెట్టి ఇంట్లో తిరగడం నా వల్ల కాదు.

"సలీమన్న వచ్చిపోయిండు. నీ ఆట మళ్ల తీస్తున్నరట. ఆ కొత్త భాగం" అన్నాను.

బావ చెంబు నోటి దగ్గర ఆపాడు. కళ్లు పూర్తిగా తెరిచాడు. ఆ చూపు నాకు తెలుసు.

"ఎప్పుడట?"

"త్వరలో అట."

నా వైపు చూశాడు. మీసాల కింద నవ్వు మెల్లగా పుట్టి, కళ్ల దాకా వచ్చింది. మిగిలిన నీళ్లు తాగి, చెంబు నా చేతికిచ్చి, దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"అయితే పండుకోవచ్చు" అన్నాడు.

గోడ వైపు తిరిగిన కాసేపటికే గురక మొదలైంది. దిండు పక్కన ఆయన ఫోను ఆరిపోవడానికి సిద్ధంగా ఉంది. రాత్రి డ్యూటీకి కావాలి. దాన్ని తీసి చార్జింగుకు పెట్టి, నేనూ చాప పరుచుకుని కాసేపు నడుం వాల్చాను.